ఆలివ్ రిడ్లే తాబేలు: జీవనం, సంరక్షణ

ప్రపంచ సముద్రాల్లో ఏడు జాతుల తాబేళ్లు ఉన్నాయి. వాటిలో సంఖ్యలో అన్నిటికంటే ఎక్కువగా, పరిమాణంలో బాగా చిన్నగా ఉండేది ఆలివ్ రిడ్లే. శాస్త్రీయ నామం లెపిడోకెలిస్ ఒలివేసియా. బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ డిప్ప, 60 నుంచి 70 సెంటీమీటర్ల పొడవు, 35 నుంచి 50 కిలోల బరువు. శ్రీకాకుళం మొదలుకొని నెల్లూరు దాకా ఆంధ్ర తీరంలో ఏటా జనవరి నుంచి ఏప్రిల్ వరకు రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెట్టే తాబేలు దాదాపు ఎప్పుడూ ఇదే. అవే నెలల్లో అలలకు కొట్టుకొచ్చి ఇసుకలో పడి ఉండే కళేబరాలు కూడా దీనివే. గుడ్లను కాపాడటానికి మన తీరంలో ఎంతోమంది శ్రమిస్తున్నారు. కానీ ఈ జాతి నిలుస్తుందా లేదా అన్నది ఒడ్డున ఉన్న గుడ్ల కంటే, నాలుగైదు కిలోమీటర్ల అవతల వలల మధ్య ఈదుతున్న పెద్ద తాబేళ్ల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది. అదెందుకో అర్థం కావాలంటే తాబేలు శరీరం, అది పెరిగి పెద్దయ్యే తీరు తెలియాలి.

తాబేళ్ల కుటుంబం

తాబేళ్లన్నీ టెస్టుడీన్స్ క్రమానికి చెందిన సరీసృపాలు. మెట్ట తాబేళ్లు, మంచినీటి తాబేళ్లు, సముద్రపు తాబేళ్లు అన్నీ కలిపి దాదాపు 360 జాతులు. భారతదేశంలో మెట్ట, మంచినీటి జాతులు 30 దాకా ఉంటాయి. మన సముద్ర జలాల్లో కనిపించేవి ఐదు: ఆలివ్ రిడ్లే, పచ్చ తాబేలు, హాక్స్‌బిల్, లాగర్‌హెడ్, లెదర్‌బ్యాక్. లెదర్‌బ్యాక్ వీటిలో అతి పెద్దది. అండమాన్ నికోబార్ దీవుల్లో గుడ్లు పెడుతుంది, వెయ్యి మీటర్ల లోతుకు పైగా మునగగలదు.

తెలుగు నేల మీద తాబేలంటే ముందుగా గుర్తొచ్చేది చెరువుల్లో, పొలాల్లో కనిపించే బురద తాబేలు. రాయలసీమ మెట్ట ప్రాంతాల్లో నక్షత్ర తాబేలు ఉంది. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉండటమే దాని ప్రాణం మీదకు తెచ్చింది. పెంపుడు జంతువుల దొంగ వ్యాపారంలో అది ప్రపంచమంతటా అమ్ముడవుతోంది. భారత్‌లోని ఒకే ఒక సేకరణ కేంద్రం నుంచి ఏడాదిలో కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్లు తరలిపోయాయని 2015లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. 2019లో దీన్ని అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషిద్ధమైన జాబితాలోకి, అంటే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలోకి మార్చారు. కృష్ణా, గోదావరుల్లో ఉండే లీత్ మెత్తడిప్ప తాబేలు పరిస్థితి ఇంకా దారుణం. మాంసం కోసం పట్టడం, ఇసుక తవ్వకాలు, ఆనకట్టలు కలిసి దాన్ని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లోకి నెట్టాయి. దాని గురించి రాసేవాళ్లు, మాట్లాడేవాళ్లు దాదాపు లేరు.

డిప్ప, ఊపిరి, కన్నీళ్లు

తాబేలు డిప్ప దాని అస్థిపంజరంలో భాగం. పక్కటెముకలు వెడల్పుగా పెరిగి, వెన్నుపూసలతో కలిసిపోయి, 50 దాకా ఎముకలతో పై డిప్ప తయారవుతుంది. దానిమీద మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే చేసిన పలకలు పరుచుకుని ఉంటాయి. వెన్నెముక ఉన్న జంతువులన్నిటిలో భుజపుటెముక పక్కటెముకల గూటి లోపల ఉండేది తాబేలుకొక్కదానికే. చైనాలో దొరికి 2008లో ప్రకటితమైన ఒడాంటోకెలిస్ అనే శిలాజానికి వయసు దాదాపు 22 కోట్ల ఏళ్లు. దానికి అడుగు డిప్ప పూర్తిగా ఉంది, పై డిప్ప ఇంకా ఏర్పడలేదు, నోట్లో పళ్లు కూడా ఉన్నాయి. డిప్ప కింది నుంచి మొదలై పైకి వచ్చిందన్న ఆలోచనకు బలం ఇచ్చింది అదే. ఇప్పటి తాబేళ్లకు పళ్లు లేవు, గట్టి ముక్కు ఉంది.

పక్కటెముకలు కదలవు కనుక మనలా ఛాతీ ఉబ్బించి ఊపిరి తీసుకోవడం తాబేలుకు కుదరదు. డిప్ప లోపలి కండరాలు ఊపిరితిత్తులను సాగదీసి, నొక్కి ఆ పని చేస్తాయి. సముద్రపు తాబేలు తల, కాళ్లు లోపలికి లాక్కోలేదు. ఈదడానికి కాళ్లు తెడ్లుగా మారాయి. విశ్రాంతిగా ఉన్నప్పుడు నీటి అడుగున గంటల తరబడి ఉండగలిగే ఈ జంతువు, వలలో చిక్కి గింజుకుంటే ఒంట్లోని ఆక్సిజన్‌ను గంటలోపే ఖర్చు చేసుకుని మునిగి చనిపోతుంది. అది ఊపిరి కోసం పైకి రావలసిన జంతువన్న సంగతి చాలామందికి తట్టదు.

ఉప్పు నీళ్లు తాగే సముద్రపు తాబేలు ఒంట్లో చేరిన ఉప్పును కళ్ల దగ్గరి గ్రంథుల ద్వారా బయటికి పంపుతుంది. గుడ్లు పెట్టే వేళ కళ్ల నుంచి చిక్కగా కారే నీళ్లు ఇవే. నొప్పికి ఏడుస్తోందని చూసినవాళ్లు అనుకుంటారు. తీరంలో దొరికిన తాబేలు ఏ జాతిదో తెలుసుకోవడానికి డిప్ప పక్క పలకలు లెక్కపెడితే చాలు. పచ్చ తాబేలుకు, హాక్స్‌బిల్‌కు నాలుగు జతలు, లాగర్‌హెడ్‌కు ఐదు. ఆలివ్ రిడ్లేకు సాధారణంగా ఆరు లేక అంతకు మించి ఉంటాయి, అదీ రెండు పక్కలా సమానంగా ఉండాలని లేదు.

పీతలు, రొయ్యలు, నత్తలు, జెల్లీ చేపలు దీని ఆహారం. రొయ్యలున్న చోటే తాబేలు తిరుగుతుంది, రొయ్యలున్న చోటే వలలు ఈడ్చే ట్రాలర్లూ తిరుగుతాయి.

గూడు

ఆడ తాబేలు రాత్రి పోటు గీత దాటి పైకి వచ్చి, పొడి ఇసుక ఉన్న చోటు వెతుక్కుంటుంది. ముందు తెడ్లతో పై ఇసుక చిమ్మేసి, వెనక తెడ్లతో లోపలికి తవ్వుతుంది. ఈ తవ్వకం చూసి తీరాలి. ఒక తెడ్డు వంచి గుప్పెడు ఇసుక తీసి పక్కన పెడుతుంది, వెంటనే రెండోది తన వైపు రాలిన ఇసుకను ముందుకు చిమ్మి లోపలికి దిగుతుంది. తల ఒక్కసారి కూడా వెనక్కి తిరగదు. అరమీటరుకు కాస్త తక్కువ లోతున, అడుగు వెడల్పై మెడ సన్నగా కుండలా ఉండే గొయ్యి సిద్ధమవుతుంది. అందులో రెండేసి మూడేసి చొప్పున 100 నుంచి 120 గుడ్లు జారుస్తుంది. గుండ్రంగా, తెల్లగా, మెత్తటి పెంకుతో ఒక్కొక్కటి నాలుగు సెంటీమీటర్ల లోపు ఉంటుంది. తర్వాత ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ అడుగు డిప్పతో దబదబా బాది గట్టి చేస్తుంది. ఇలా బాదడం రిడ్లేల ప్రత్యేకత. మొత్తం పని గంట లోపే ముగించి నీళ్లలోకి వెళ్లిపోతుంది. మళ్లీ ఆ గూడు వైపు చూడదు.

తెల్లారగట్ల గుడ్లు వెతికేవాళ్లు ఇసుకలోని అడుగుజాడలు చదువుతారు. పచ్చ తాబేలు రెండు ముందు తెడ్లూ ఒకేసారి వేస్తుంది కనుక దాని జాడ రెండు వైపులా జతగా పడుతుంది. రిడ్లే ఒకటి తర్వాత ఒకటి వేస్తుంది, జాడ ఏటవాలుగా పడుతుంది. జాడ చివర చెదిరిన ఇసుకలో సన్నటి కర్ర మెల్లగా గుచ్చితే, గూడు మెడ మీద అది తేలిగ్గా దిగబడుతుంది. అక్కడ చేత్తో తవ్వుతారు.

గుడ్లు బయటికి తీసి వేరేచోట పాతిపెట్టాలంటే పెట్టిన కొద్ది గంటల్లోనే చేయాలి. ఆ తర్వాత పిండం పెంకు పై భాగానికి అతుక్కుంటుంది. గుడ్డు తిరగబడితే చనిపోతుంది. అందుకే గుడ్లు మోసేవాళ్లకు మెలకువ కావాలి, తొందర పనికిరాదు.

పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. పిల్ల ఆడో మగో నిర్ణయించేది ఇసుక వేడి. పొదిగే కాలంలో మధ్య మూడోవంతు రోజుల్లో ఇసుక దాదాపు 29, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే రెండూ పుడతాయి. అంతకు మించితే ఆడవే ఎక్కువ, తగ్గితే మగవే ఎక్కువ. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పచ్చ తాబేళ్ల పిల్లల్లో 99 శాతం ఆడవేనని 2018లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. వేడి ఇంకా పెరిగితే గుడ్లే చెడిపోతాయి. వాతావరణం వేడెక్కుతున్న కాలంలో తాబేళ్లకు ఇదొక కొత్త ముప్పు.

పిల్లలు ఇసుకలో కలిసికట్టుగా పైకి వస్తాయి. పైన ఇసుక చల్లబడేదాకా ఆగి సాధారణంగా రాత్రి బయటపడతాయి. చీకటి వైపు వదిలి, వెలుగున్న దిగంతం వైపు పరుగెత్తడం వాటికి పుట్టుకతో వచ్చింది. ఒకప్పుడు ఆ వెలుగు సముద్రం మీదిదే. ఇప్పుడు బీచ్ రోడ్ల మీద తెల్లటి ఎల్ఈడీ దీపాలు వెనక నుంచి పిలుస్తాయి. పిల్లలు రోడ్డు వైపు పాకి కుక్కల నోట, చక్రాల కింద పడిపోతాయి. విశాఖ లాంటి నగర తీరాల్లో గుడ్లను, వాటిని కాపాడి పొదిగించే హేచరీకి తరలించడం తప్పనిసరి కావడానికి కారణాల్లో ఇదొకటి.

లక్షల గుంపు

రిడ్లేలు రెండు రకాలుగా గుడ్లు పెడతాయి. ఆంధ్ర తీరంలో లాగా ఒక్కొక్కటిగా వచ్చి పెట్టడం ఒకటి. కొద్ది చోట్ల మాత్రం వేలు, లక్షల తాబేళ్లు కొన్ని రాత్రుల్లోనే ఒక చిన్న ఇసుక పట్టీ మీదకు గుంపుగా వస్తాయి. దీన్ని అరిబాడా అంటారు. మెక్సికో, కోస్టారికా తర్వాత ఇది భారీగా జరిగేది మన పక్కన ఒడిశాలోనే. గహీర్మఠ గురించి 1974లో, దేవి నది ముఖద్వారం గురించి 1981లో, ఋషికుల్య నది ముఖద్వారం గురించి 1994లో శాస్త్రలోకానికి తెలిసింది. గంజాం జిల్లాలోని ఋషికుల్య దగ్గరి తీర గ్రామాల్లో తెలుగు మాట్లాడే నోలియా మత్స్యకారులు చాలామంది ఉన్నారు. గుడ్లకు కాపలా కాసే స్థానిక బృందాలు అక్కడి పల్లెల్లోంచే వచ్చాయి. 2025లో ఋషికుల్య దగ్గర దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టినట్టు లెక్క తేలింది. అయితే కొన్ని ఏళ్లలో అరిబాడా అసలు జరగదు. ఒక్క ఏడాది లెక్క చూసి మురిసిపోవడమైనా, దిగులు పడటమైనా తొందరపాటే.

ఈ తాబేళ్లు ఎక్కడెక్కడికి వెళ్తాయో వాటికి తగిలించిన గుర్తింపు ట్యాగ్‌లు చెబుతున్నాయి. ఒడిశాలో ట్యాగ్ వేసినవి శ్రీలంక దగ్గర దొరికాయి. 2021లో ఒడిశా తీరంలో ట్యాగ్ వేసిన ఒక ఆడ తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్‌లో గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరం తాబేళ్లు, పడమటి తీరం తాబేళ్లు వేర్వేరు అనుకుంటున్న కాలంలో ఇది పెద్ద వార్త. ఒడిశాకు వచ్చీ పోయే తాబేళ్లకు ఆంధ్ర జలాలు దారిలోనే ఉన్నాయి. ఒడిశాలో ఎంత కాపాడినా, దారిలో మనం కాపాడకపోతే లాభం లేదు.

మాంసం వ్యాపారం నుంచి చట్టం దాకా

1970ల వరకు ఒడిశాలో తాబేలు గుడ్లు తీసుకోవడానికి ప్రభుత్వమే లైసెన్సులు ఇచ్చేది. పెద్ద తాబేళ్లను రైళ్లలో, లారీల్లో కలకత్తా మార్కెట్‌కు తరలించేవాళ్లు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1977లో ఆలివ్ రిడ్లేను దాని మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. అయినా వ్యాపారం వెంటనే ఆగలేదు. 1980ల ఆరంభంలో జె. విజయ అనే యువ పరిశోధకురాలు బెంగాల్ తీరంలోని దిఘాలో జరుగుతున్న తాబేళ్ల వధను ఫొటోలు తీశారు. అవి పత్రికలో రావడంతో ప్రధాని ఇందిరా గాంధీ స్పందించారు, కోస్ట్‌గార్డ్ రంగంలోకి దిగింది. కోస్ట్‌గార్డ్ ఏటా నిర్వహించే ఆపరేషన్ ఒలీవియా ఆ కాలంలో మొదలైందే. విజయ 1987లో చిన్న వయసులోనే మరణించారు. కేరళ అడవుల్లో ఆమె తిరిగి కనుగొన్న తాబేలు ప్రజాతికి 2006లో విజయకెలిస్ అని పేరు పెట్టారు. అదే తరానికి చెందిన సతీశ్ భాస్కర్ మన దేశపు తీరాన్ని వేల కిలోమీటర్లు కాలినడకన తిరిగి ఏ తాబేలు ఎక్కడ గుడ్లు పెడుతుందో రాసి పెట్టారు. ఇవాళ మనకున్న ప్రాథమిక సమాచారం చాలావరకు ఆ నడకల పుణ్యమే. గహీర్మఠను 1997లో సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు.

మాంసం కోసం చంపడం అలా తగ్గింది. కానీ అప్పటికే ఇంకో పద్ధతిలో చావులు మొదలయ్యాయి.

వలలు

1990ల చివర్లో ఒడిశా తీరంలో ఏటా పది వేలకు పైగా తాబేలు కళేబరాలు లెక్కకు వచ్చాయి. 2025 జనవరిలో చెన్నై పరిసర తీరాల్లో వెయ్యికి పైగా కొట్టుకొచ్చాయి. శ్రీకాకుళం, కాకినాడ, నెల్లూరు తీరాల్లోనూ ఏటా ఈ దృశ్యం తప్పడం లేదు. శవపరీక్షల్లో తరచూ తేలేది ఊపిరాడక చనిపోవడమే. రొయ్యల కోసం సముద్రం అడుగున ఈడ్చే ట్రాల్ వల గంటల తరబడి నీళ్లలోనే ఉంటుంది. సంచిలోకి వెళ్లిన తాబేలుకు బయటికి దారి ఉండదు. చేపల మొప్పలు చిక్కుకునే గిల్ వలలు కూడా చంపుతాయి, కానీ పెద్ద వాటా ట్రాలర్లదే.

ఇది ఎందుకంత పెద్ద నష్టమో 1987లో అమెరికా పరిశోధకులు డెబొరా క్రౌస్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ లాగర్‌హెడ్ తాబేళ్ల మీద చేసిన లెక్క చూపించింది. గుడ్లనన్నిటినీ నూటికి నూరు శాతం కాపాడినా ఆ జనాభా తగ్గుతూనే ఉంటుందని, పెద్దవాటి, పెద్దవి కాబోతున్న వాటి చావులు తగ్గిస్తేనే తిరిగి పెరుగుతుందని వాళ్లు తేల్చారు. కారణం సులభంగానే అర్థమవుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్లల్లో అత్యధికం చేపలకు, పక్షులకు ఆహారమైపోతాయి. పదేళ్లకు పైగా బతికి గుడ్లు పెట్టే వయసుకు చేరిన ఆడ తాబేలు ఎన్నో వందల పిల్లల్లోంచి మిగిలింది. దాన్ని వల ముంచేస్తే, అది ఇక ముందు పెట్టబోయే వేల గుడ్లు కూడా పోయినట్టే.

దీనికి మందు ఉంది. ట్రాల్ వల మెడలో ఏటవాలుగా బిగించే లోహపు చట్రమే ఆ మందు. టెడ్ అని పిలుస్తారు. చువ్వల సందుల్లోంచి రొయ్యలు సంచిలోకి వెళ్లిపోతాయి. తాబేలు చువ్వలకు తగిలి, పైన లేక కింద కోసిన దారిలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపోయేలా ఒక నమూనా తయారుచేసింది. కానీ వాడేవాళ్లు తక్కువ. వేటలో కొంత సరుకు జారిపోతుందని బోటు యజమానుల అభ్యంతరం. డీజిల్ ధర, అప్పుల మధ్య వేటకెళ్లేవాడికి ఆ కొంత కూడా బరువే. దాన్ని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. పరికరం ఉచితంగా ఇచ్చి, పోయిన సరుకుకు పరిహారం కట్టి, ఆ పైన నిబంధన గట్టిగా అమలు చేయడం ప్రభుత్వాల పని.

అమెరికా 1989 చట్టంతో టెడ్ లేకుండా పట్టిన రొయ్యల దిగుమతిని ఆపింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో దీన్ని సవాలు చేశాయి. 1998లో తీర్పు వచ్చింది. 2019లో మళ్లీ మన సముద్రపు రొయ్యలను అమెరికా నిషేధించింది. చెరువుల్లో పెంచే వనామీ రొయ్యకు ఇది వర్తించదు కనుక గోదావరి, కృష్ణా జిల్లాల రైతులకు నేరుగా దెబ్బ తగల్లేదు. వేటాడి పట్టిన రొయ్యకు మాత్రం పెద్ద మార్కెట్ మూసుకుపోయింది.

ఇంకో సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంది. అది చేపల సంతానం కోసం పెట్టిన గడువు. తాబేళ్లు తీరానికి దగ్గరగా గుమిగూడేది అంతకుముందు, డిసెంబరు నుంచి మార్చి దాకా. అంటే వాటికి అవసరమైన రోజుల్లో ఈ నిషేధం ఉండదు. ఒడిశాలో నవంబరు 1 నుంచి మే 31 వరకు గుడ్లు పెట్టే చోట్లకు 20 కిలోమీటర్ల లోపు వేట నిషిద్ధం. ఆంధ్రలో యాంత్రిక పడవలు తీరానికి 8 కిలోమీటర్ల లోపు వేటాడకూడదన్న నియమం ఉంది. ఆ ఒక్క నియమం తాబేళ్ల కాలంలో నిక్కచ్చిగా అమలైతే తెప్పల మీద వేటకెళ్లే చిన్న మత్స్యకారులకూ మేలు, తాబేళ్లకూ మేలు. ఈ హద్దు దాటినందుకే సంప్రదాయ మత్స్యకారులకు, మర బోట్లకు మధ్య తరచూ గొడవలు జరుగుతున్నాయి.

ఒడ్డు, హేచరీలు

విశాఖ తీరంలో, కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్‌లో, కృష్ణా ముఖద్వారం దగ్గర, శ్రీకాకుళం పల్లెల్లో అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు, మత్స్యకార యువకులు కలిసి హేచరీలు నడుపుతున్నారు. కుక్కలు, నక్కలు, పందులు గూళ్లను తవ్వేసే చోట, మనుషుల రద్దీ ఉన్న చోట ఇవి అవసరమే. ప్రశాంతంగా ఉన్న ఇసుకలో మాత్రం గూటిని అక్కడే వదిలి, చుట్టూ కంచె వేయడం మేలు. ఇసుక వేడి, తేమ, పిల్లల ఆడ మగ పాళ్లు సహజంగా ఉండేది అలా ఉంచినప్పుడే.

పిల్లలను వదిలే పద్ధతి మీద గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. బయటపడిన పిల్ల మొదటి ఈత ఒంట్లో మిగిలిన పచ్చసొన శక్తి మీదే ఆధారపడి ఉంటుంది. అతిథుల కోసం, ఫొటోల కోసం వాటిని తొట్లలో ఉంచి ఉదయం పూట వదిలితే ఆ శక్తి తొట్టిలోనే కరిగిపోతుంది. పైగా పగటి వెలుగులో పక్షులకు, చేపలకు సులభంగా దొరుకుతాయి. రాత్రి బయటికొచ్చినవాటిని రాత్రే, రోజుకో చోట వదలాలి.

ఇసుక తీరమే తగ్గిపోతోంది కూడా. తుఫాను గాలులకు అడ్డంగా అలల దాకా వేసిన సరుగుడు తోటలు తాబేలు తవ్వే చోటును మింగేశాయి. ఓడరేవులు, రాతి గోడలు ఇసుక కదలికను ఆపి పక్క తీరాన్ని కోసేస్తున్నాయి; కాకినాడ దగ్గర ఇలా కోతకు గురవుతున్న ఉప్పాడ తీరం సంగతి అందరికీ తెలిసిందే. శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని శ్రీకూర్మంలో కూర్మనాథుడికి గుడి ఉంది, గుడిలో నక్షత్ర తాబేళ్లను పెంచుతున్నారు. అదే మండలపు తీరంలో రిడ్లేలు గుడ్లు పెడుతున్నాయి. గుడికి వెళ్లేవాళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు? దేవస్థానాలు తలచుకుంటే తీరప్రాంత ప్రజలకు చెప్పడం కష్టమేమీ కాదు.

సంరక్షణ ఫలిస్తుందనడానికి రుజువులున్నాయి. ఆలివ్ రిడ్లేకు దగ్గరి చుట్టమైన కెంప్స్ రిడ్లే ఆడ తాబేళ్లు మెక్సికోలోని ఒక తీరంలో తీసిన 1947 నాటి చలనచిత్రంలో ఒకే రోజు దాదాపు 40 వేలు కనిపించాయి; 1985 నాటికి ఆ జాతి ఏడాదికి 702 గూళ్లకు పడిపోయింది. తీరానికి కాపలా, వలలకు టెడ్, రెండూ కలిశాకే అది కోలుకోవడం మొదలుపెట్టింది. పచ్చ తాబేలును దశాబ్దాల రక్షణ తర్వాత 2025 అక్టోబరులో ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంఘం (ఐయూసీఎన్) ప్రమాదంలో ఉన్న జాతుల నుంచి ఆందోళన అవసరం లేని జాతుల్లోకి మార్చింది. ఆలివ్ రిడ్లే ఇంకా ప్రమాదానికి లోనయ్యే జాతిగానే ఉంది.

తీరంలో గుడ్లు పెడుతున్న తాబేలు కనిపిస్తే దూరంగా నిలబడండి, సెల్‌ఫోన్ లైటు ఆర్పండి, అటవీశాఖకు కబురు చేయండి. చచ్చిన తాబేలు కనిపించినా చెప్పండి, ఎందుకంటే ఆ లెక్కే తర్వాత వాదనకు ఆధారం. తీర నియోజకవర్గాల్లో ఓటేసేవాళ్లు తమ ప్రతినిధులను అడగాల్సినవి రెండు: విశాఖ, కాకినాడ రేవుల్లోంచి వేటకు వెళ్లే ప్రతి ట్రాలర్ వలలో టెడ్ ఉండాలి, జనవరి నుంచి మార్చి వరకు ఎనిమిది కిలోమీటర్ల హద్దు మీద నిఘా ఉండాలి.